నోటినిండా పెట్రోలు

మా బావ కొన్న వ్యాను మిలిటరీ వాళ్ళు వేలంలో వదిలించుకున్నది. ముందు ఇద్దరు ముగ్గురు ఇరుక్కుని కూర్చునే గది, వెనక పైకప్పు లేని చెక్క తొట్టి. ఇప్పుడు అలాంటి బండిని పికప్ అంటున్నారు. అప్పట్లో మా వైపు అందరికీ అది వ్యానే. మా చేతికి రాకముందు దాన్ని వాడినవాడు సముద్రం ఒడ్డున ఉన్న పళవేర్కాడు నుంచి ఎండుచేపలు తోలేవాడు. ఆ కంపు పలకల్లోకి దిగిపోయింది. సున్నం పూసి కడిగాం. వేపాకు కాచిన నీళ్ళు పోశాం. పేడనీళ్ళు చల్లాం. ఎండ ఎక్కితే చాలు, చెక్కల సందుల్లోంచి మళ్ళీ లేచేది. మా ఊరు తామరైపాక్కంలో ఎక్కించిన మా వంకాయలను తిరువళ్ళూరు మార్కెట్టులో దించితే, కొనడానికి వచ్చిన ఆడవాళ్ళు ఒక కాయ తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, మొహం చిట్లించి, పక్క గంప దగ్గరికి పోయేవాళ్ళు.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. నాన్న పోయాక అక్క నన్ను తన ఇంటికి తెచ్చుకుంది. స్కూలు ఫైనలు తప్పాను. బావ బావి దగ్గర ఆయిలు ఇంజను నడపడం నేర్చుకున్నాను. దాన్ని విప్పి బిగించడం కూడా వచ్చింది. వ్యాను వచ్చాక దాంట్లో డ్రైవరు పక్కన కూర్చుని, గంపలు లెక్కపెట్టి దించి రావడం నా పని అయింది. తిరుత్తణి ఇంకా ఆంధ్రలోనే ఉన్న రోజులవి. తిరువళ్ళూరేమో మద్రాసు రాష్ట్రం. పండగ రోజుల్లో తిరుత్తణికి పూలు తోలే మా బండి పొద్దున ఒక రాష్ట్రంలో బయలుదేరి, మధ్యాహ్నం ఇంకో రాష్ట్రంలో నడిరోడ్డు మీద నిలబడిపోయేది.

డ్రైవరుది కవరైపేట్టై దగ్గర ఒక పల్లె. నలభై అయిదు దాటిన మనిషి. యుద్ధంలో బర్మా దాకా మిలిటరీ లారీలు తోలి వచ్చాడు. మాట తక్కువ. ఇంజను కొత్తగా ఏ చప్పుడు చేసినా తల కొంచెం పక్కకు వంచి వినేవాడు. నేను ఆయన్ను డ్రైవరన్నా అనేవాణ్ణి. నాకు స్టీరింగు పట్టడం నేర్పింది ఆయనే.

వేసవి చివర్లో ఒక ఆదివారం బావ డ్రైవరన్నకు సెలవిచ్చి, తానే వ్యాను తోలుకుంటూ స్నేహితులతో పెరియపాళయం వెళ్ళాడు. అమ్మవారికి మొక్కు అన్నాడు. మేకపోతును తీసుకుపోయారు. తిరిగి వచ్చినప్పుడు తొట్టిలో ఎండుచేపల కంపుకు తోడు మేక రక్తం కంపు కూడా చేరింది. కడిగింది నేనే. ఆ మరుసటి వారం నుంచే బండికి జబ్బు మొదలైంది.

జబ్బు ఎలాంటిదంటే, బయలుదేరినప్పుడు బండికి ఏమీ ఉండదు. ఐదారు మైళ్ళు చక్కగా పోతుంది. అప్పుడు ఒక దగ్గు. రెండు మూడు కుదుపులు. ఎంత తొక్కినా ఊపందుకోదు. అలాగే మూలుగుతూ పోయి రోడ్డు పక్కన ఆగిపోతుంది. పావుగంట ఊరకే ఉంటే మళ్ళీ స్టార్టు అవుతుంది. ఇంకో ఐదు మైళ్ళు పోయి మళ్ళీ దగ్గు.

పావుగంట ఆగడానికి లేనప్పుడు డ్రైవరన్న సీటు ఎత్తేవాడు. పెట్రోలు ట్యాంకు దాని కిందే. ట్యాంకులోంచి ఇంజనుకు పోయే రాగి పైపు మర ఊడదీసి, దానికి నోరు పెట్టి పీల్చేవాడు. రాదు. అప్పుడు బుగ్గలు ఉబ్బించి ట్యాంకులోకి గట్టిగా ఊదేవాడు. లోపల గుడగుడమనేది. మళ్ళీ పీలిస్తే ఈసారి నోటినిండా పెట్రోలు. దాన్ని ఉమ్మేసి, పైపు బిగించి, హ్యాండిలు తిప్పితే ఇంజను అందుకునేది. రోజుకు నాలుగైదుసార్లు ఇదే. నెల తిరిగేసరికి ఆయన పెదాల మూలలు తెల్లగా పాలిపోయి పగిలాయి. కారం తగిలితే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. మధ్యాహ్నం మజ్జిగన్నం తప్ప ఏమీ తినేవాడు కాదు. తిన్నాక తేన్చితే పెట్రోలు వాసన. నేను నా అన్నం గిన్నె తీసుకుని గాలికి ఎదురుగా పోయి కూర్చునేవాణ్ణి. ఆయన అది గమనించి, మరుసటి రోజు నుంచి తానే దూరంగా పోయి కూర్చోవడం మొదలుపెట్టాడు.

తిరువళ్ళూరులో మేం చూపించిన మెకానిక్కు బానెట్టు ఎత్తకముందే జబ్బు పేరు చెప్పే రకం. మొదటిసారి ప్లగ్గులు అన్నాడు. మార్చాడు. రెండోసారి కాయిల్ అన్నాడు. మార్చాడు. మూడోసారి కార్బొరేటరు విప్పి, కడిగి, బిగించాడు. విప్పినంతసేపూ ఆకువక్క నములుతూ మా మడ్‌గార్డు మీదే ఉమ్మాడు. నాలుగోసారి మమ్మల్ని చూడగానే అతని మొహం మాడిపోయింది.

"ఎండకి పెట్రోలు పైపులోనే ఆవిరైపోతా ఉండాది. పంపుకు తడి గోనెపట్ట చుట్టండి. దార్లో నీళ్ళు పోస్తా పోండి. సరియాపోతాది," అన్నాడు.

చుట్టాం. నీళ్ళు పోశాం. రోడ్డు దుమ్ము ఆ గోనె మీద పడి బురద అయింది. ఆ బురద ఇంజను వేడికి ఉడికి, గోనె కుళ్ళి, కుళ్ళిన కంపు నేరుగా మేం కూర్చున్న గదిలోకి వచ్చేది. బండి మాత్రం ఎప్పటిలాగే ఐదు మైళ్ళకు ఆగేది.

డ్రైవరన్న బావతో ఒకే మాట చెప్పేవాడు. "ట్యాంకులో ఏమో ఉండాదయ్యా. పీలిస్తే అడ్డం వస్తాది. ఊదితే తప్పుకొంటాది. ట్యాంకు దించి కడగల్ల."

"ట్యాంకు దించితే రెండు దినాలు బండి నిలబడిపోతాది. అంతవరకు వంకాయలు నువ్వు నెత్తిన మోస్తావా?" అనేవాడు బావ.

మూడుసార్లు ఈ మాట నా ఎదుటే జరిగింది. నాకు ఇంజన్ల సంగతి కొంత తెలుసు. డ్రైవరన్న చెప్పింది సబబుగా ఉందని కూడా తెలుసు. తెలిసి ఊరుకున్నాను.

ఐదోసారి వెళ్ళినప్పుడు మెకానిక్కు మా బావను షెడ్డు వెనక్కి తీసుకుపోయాడు. గొంతు తగ్గించినా నాకు వినపడింది.

"బండిలో ఒణ్ణుమిల్లయ్యా, ఏమీ లేదు. తోలేవోణ్ణి చూసుకోండి. పెట్రోలు దించి అమ్మేసి, కిరసనాయిలు కలిపితే బండి ఇట్నే దగ్గతాది."

తన చేతకానితనాన్ని ఇంకొకడి దొంగతనంగా మార్చడానికి అతనికి ఆకువక్క ఒకసారి ఉమ్మినంత సేపు పట్టింది. ఇంటికి వచ్చాక బావ నన్ను పిలిచాడు.

"నువ్వు పక్కనే కూచోనుంటావు గదరా. వాడు ఏమన్నా చేస్తా ఉంటే చూసినావా?"

"సీటు ఎత్తి ఏమో చేస్తా ఉంటాడు బావా. నాకు సరిగ్గా తెలీదు," అన్నాను.

ఇది నేను అన్న మాట. ఆయన సీటు ఎత్తి ఏం చేసేవాడో నాకు సరిగ్గానే తెలుసు. ఆ నోరు, ఆ పెదాలు రోజూ చూస్తున్నాను. అయినా అలా అన్నాను. ఆ ఇంట్లో తింటున్నాను. బావకు ఏ జవాబు నచ్చుతుందో అతని మొహంలోనే కనిపిస్తోంది. ఆ జవాబే ఇచ్చాను. దీన్ని మెత్తగా చెప్పుకునే దారి నాకు ఇన్నేళ్ళలోనూ దొరకలేదు.

తిరుత్తణి కొండ గుడి పండగ, ఆడికృత్తిక వచ్చింది. తిరుత్తణికి కావళ్ళు కదిలాయి. పూలు, అరటిగెలలు ఎక్కించుకుని మేం తెల్లవారగానే బయలుదేరాం. కొండ కింద పూల వర్తకులతో బేరం మాట్లాడి పెట్టడానికి బావ బస్సులో ముందే వెళ్ళాడు. బండి నాలుగుసార్లు ఆగింది. రోడ్డు నిండా పసుపుగుడ్డల జనం. "అరోహరా" అంటూ మా పక్కనుంచి నడిచిపోతున్నారు. డ్రైవరన్న సీటు ఎత్తి, పీల్చి, ఊది, ఉమ్మి మళ్ళీ తోలాడు. మూడోసారి ఉమ్మినదాంట్లో ఎర్రచార కనిపించింది. మేం చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. తడిగోనెల కింద పూలు వేడెక్కి, మగ్గి, చేత్తో తీస్తే జిగురుగా అంటుకున్నాయి. పులిసిన కంపు. వర్తకులు చూసి తల అడ్డంగా ఊపారు.

కొండ కింద టీ బంకు ముందు బావ అందరి ఎదుటా మొదలుపెట్టాడు.

"యాడ దించినావురా పెట్రోలు?"

"నేను దించలేదయ్యా."

"కిరసనాయిలు కలపకుంటే బండి ఎందుకురా దగ్గతాది?"

"ట్యాంకులో ఏమో ఉండాదని చెప్తానే ఉండాను గదయ్యా. దించి చూస్తే తెలస్తాది."

అప్పుడు బావకు ఆ ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు. "అయితే తాగు," అన్నాడు. "ట్యాంకులోది తాగు. కిరసనాయిలు కలపలేదంటే తాగి చూపీ."

తాగితే ఏం తేలుతుందో అక్కడ ఎవరికీ తెలియదు. కానీ చూడాలని అందరికీ ఉంది. జనం దగ్గరికి జరిగారు. నుదుటినిండా విభూతి పూసుకున్నవాళ్ళు కూడా కావడి భుజం మార్చుకుని ఆగారు. బావ నా వైపు తిరిగి, "రేయ్, ఒక లోటాలో పట్టుకోని రా," అన్నాడు.

నేను టీ బంకువాడి దగ్గర అల్యూమినియం లోటా అడిగి తీసుకున్నాను. సీటు ఎత్తాను. పైపు మర ఊడదీశాను. ట్యాంకు సగం నిండి ఉంది, బండి ఆగి చాలాసేపైంది కాబట్టి పెట్రోలు దానంతట అదే కారింది. సగం లోటా పట్టి తెచ్చాను. దారిలో ఒక్క చుక్క కూడా ఒలకనివ్వలేదు. ఈ సంగతే నాకు అన్నిటికంటే రోతగా గుర్తుంది.

డ్రైవరన్న లోటా తీసుకోకుండా నన్ను చూశాడు. "చిన్నయ్యా, మీరు చెప్పండి. పక్కనే ఉండారు గదా."

నేను నేలవైపు చూశాను.

ఆయన లోటా అందుకున్నాడు. కళ్ళు మూసుకుని ఒక గుక్క మింగాడు. రెండోది మింగలేకపోయాడు. ముందు చక్రం పట్టుకుని వంగి కక్కాడు. మజ్జిగ మెతుకులు, పెట్రోలు, జిగురు. జనంలో ఎవరో నవ్వారు. ఎవరో ఆడమనిషి "అయ్యో పావం" అంది. బావ ఆ కక్కును చూసి, ఏదో రుజువు దొరికినట్టు తల ఊపి, "చూసినారా?" అన్నాడు. ఏం చూశామో మాకెవరికీ అర్థం కాలేదు.

డ్రైవరన్న తుండుతో మూతి తుడుచుకున్నాడు. స్టార్టు చేసే హ్యాండిలు తెచ్చి సీటు మీద పెట్టాడు. జనంలో పడి స్టేషను వైపు నడిచిపోయాడు. నేను లోటా తిరిగి ఇవ్వబోతే టీ బంకువాడు దాన్ని వేలి కొసలతో పట్టుకుని చూశాడు. "దీంట్లో ఇంక ఎవురికి టీ పోసేది?" అని మురికి కాలవలోకి విసిరేశాడు.

ఆ తర్వాత బండి తోలడం నా పని అయింది. మొదటి వారమే తిరుత్తణి దారిలో కనకమ్మసత్రం దగ్గర ఆగిపోయింది. చుట్టూ ఎవరూ లేరు. పావుగంట ఆగినా ఆ రోజు అందుకోలేదు. నేనే సీటు ఎత్తాను. నేనే పైపుకు నోరు పెట్టాను.

రాగి చేదు, తుప్పు, దానిమీద ఇంకొకరి నోరు నెలలుగా తగిలిన జిడ్డు. పీలిస్తే రాలేదు. ఊదాను. గుడగుడమంది. పీల్చాను. పెట్రోలు ఒక్కసారిగా నాలుక మీదికి, ముక్కులోకి, గొంతులోకి వచ్చింది. ఉమ్మినా పోదు. నాలుక మండుతుంది, పళ్ళు జివ్వుమంటాయి. రోడ్డు పక్క తుమ్మచెట్టు కింద పేగులు బయటికి వచ్చేటట్టు కక్కాను. ఆయన దీన్ని రోజుకు నాలుగైదుసార్లు చేశాడు. మేం దాన్ని దొంగతనం అన్నాం.

రెండోసారి ఆగినప్పుడు జాగ్రత్తగా గమనించాను. మొదట పీల్చినప్పుడు పైపు కొస ఏదో మెత్తని దానికి అతుక్కున్నట్టు నోటికి తెలుస్తోంది. ఊదితే అది పక్కకు పోతోంది. బండి నడుస్తుంటే పెట్రోలుతో పాటు మెల్లగా అదే చోటికి జరిగి పైపును మూసేస్తోంది. కొంతసేపు ఆపితే తేలిపోతోంది. ప్లగ్గులకూ కాయిల్‌కూ దీనితో ఏ సంబంధమూ లేదు. డ్రైవరన్న చెప్పింది అక్షరాలా ఇదే.

ఇంటికి వచ్చి, సందేహం ఏమీ మిగలకుండా ఒక పని చేశాను. ఒక రేకు డబ్బాకు అడుగున పైపు అతికించి, పెట్రోలు పోసి, ఇంజను కంటే ఎత్తులో గట్టిగా కట్టాను. ట్యాంకుతో పని లేకుండా ఆ డబ్బా నుంచే పెట్రోలు ఇంజనుకు పోయేటట్టు చేశాను. దారిలో డబ్బా రెండుసార్లు నింపుకుంటూ తిరువళ్ళూరు నుంచి కనకమ్మసత్రం దాకా పోయి వచ్చాను. బండి ఒక్కసారి కూడా దగ్గలేదు.

మరుసటి రోజు బావ ఊళ్ళో లేడు. అడగకుండా ట్యాంకు దించాను. తుప్పుపట్టిన బోల్టులతో సగం రోజు పోయింది. పెట్రోలు వేరే డబ్బాల్లోకి వంచి, ట్యాంకును తలకిందులు చేస్తే ముందు ఎర్రటి తుప్పునీళ్ళు వచ్చాయి. తర్వాత మూతి దగ్గర ఏదో అడ్డం పడింది. చచ్చిన ఎలుకేమో అనుకున్నాను. కమ్మీ వంచి కొక్కెం చేసి లాగాను. జానెడు గుడ్డ. నల్లగా, జిడ్డుగా, చేతిలోంచి జారుతూ వచ్చింది. కిరసనాయిలుతో కడిగితే అంచు రంగు బయటపడింది. చిలకపచ్చ అంచు.

ఆ తుండు మా బావది. దాని మిగతా ముక్కను అక్క వంటింట్లో వేడి గిన్నెలు దించడానికి వాడుతోంది.

సాయంత్రం బావ వచ్చాక ఆ గుడ్డను అరుగు మీద పరిచి చూపించాను. అతను వంగి చూసి నవ్వాడు.

"ఓ, అదా? ఆ దినం పెరియపాళయంలో ట్యాంకు మూత యాడనో పడిపోయింది. తుండు చించి కుక్కినా. ఇంటికొచ్చి చూస్తే లేదు. దోవలో పడిపోయిందనుకొని కొత్త మూత వేసినా."

"లోపలికి పోయింటాదని నీకు తోచలేదా బావా?"

"తోచింది. తోస్తే ఏం జేసేది? దొరికింది గదా ఇప్పుడు. బండి నడస్తాది గదా."

తోచింది అన్నాడు. నా చేత లోటా తెప్పించినప్పుడు కూడా అతనికి తోచే ఉంది.

"డ్రైవరన్నను పిలిపించి చెప్పల్ల బావా."

"ఏమని చెప్పేది? నేనే గుడ్డ కుక్కినానని చెప్తే రేపు మార్కెట్టులో నేను తల ఎత్తుకోని తిరగల్లా, వద్దా?"

అక్క గడప దగ్గర నిలబడి అంతా విన్నది. తన మొగుణ్ణి ఒక్క మాట అనలేదు. "నిన్నెవురురా దాన్ని దించమన్నది?" అని నన్నే అడిగింది. తర్వాత ముక్కు మీద కొంగు పెట్టుకుని, "ఆ గుడ్డను అవతల పారెయ్. ఇల్లంతా కంపు కొడతా ఉండాది," అంది.

వారం తిరగకముందే బావ తిరువళ్ళూరులో మెకానిక్కు ముందు కూర్చుని, ట్యాంకు సంగతి తానే కనిపెట్టినట్టు చెప్పాడు. గుడ్డ ఎలా పడిందో మాత్రం చెప్పలేదు. మెకానిక్కు బావకూ ఆకువక్క ఇచ్చి, తానూ నములుతూ, "నేను అప్పుడే అనుకొన్నానయ్యా," అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. పక్కన నిలబడి ఆ ఇద్దరి ఎర్రటి పళ్ళనూ చూశాను.

ఇంకో నెల కూడా ఆ ఇంట్లో ఉన్నాను. నాకు నా మీద ఉన్న ఏవగింపులో ఈ నెల కూడా ఉంది. తర్వాత తిరువళ్ళూరులోనే ఆయిలు ఇంజన్లు బాగుచేసే ఒక షెడ్డులో పని దొరికితే, బట్టలు మూటకట్టుకుని వచ్చేశాను. అక్క ఆపలేదు.

పనిలో చేరాక వచ్చిన మొదటి సెలవు రోజున రైలెక్కి కవరైపేట్టైలో దిగాను. డ్రైవరన్న పల్లె స్టేషను నుంచి రెండు మైళ్ళు. ఇల్లు అడిగి తెలుసుకున్నాను. వాకిట్లో కూర్చుని నులకమంచం అల్లుతున్నాడు. బియ్యం మిల్లు లారీకి డ్రైవరుగా కుదిరాడని దారిలో ఎవరో చెప్పారు. పెదాల మూలలు మానాయి గానీ మచ్చలు ఉన్నాయి. నన్ను చూసి చేతిలో నులక వదలలేదు, లేవలేదు.

"ట్యాంకులో గుడ్డ ఉండింది డ్రైవరన్నా," అన్నాను. "బావ కుక్కింది. నేనే దించి తీసినాను."

"ఏమో ఉండాదని నాకు తెలుసు," అన్నాడు. నులకను ఒకసారి బిగించి లాగాడు. "మీకూ తెలుసు గదా."

"తెలుసు."

"మరి ఆ దినం చెప్పింటే సరిపోయుండు."

"తప్పయిపోయింది," అన్నాను. అది అని నిలబడ్డాను. ఆయన ఇంకో వరుస అల్లాడు.

లోపలినుంచి ఆయన భార్య గొంతు వినపడింది. "ఎవురది వాకిట్లో?"

"ఎవురో," అన్నాడు ఆయన తల తిప్పకుండా. "స్టేషనుకు దోవ అడగతా ఉండారు."

తర్వాత నులక పట్టుకున్న చేతినే ఎత్తి, స్టేషను వైపు చూపించాడు. నేను దణ్ణం పెట్టి అటు నడిచాను. సాయంత్రం బండి వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాను. ఆయన్ను మళ్ళీ చూడలేదు.